పైపు కొన్నాం కదా అని లోతు తగ్గించొద్దు

ఇంటి నుంచి పశువుల కొట్టానికి కరెంటు తీసుకుపోవడం ఇప్పుడు ఎకరం, అరెకరం రైతుకు కూడా తప్పడం లేదు. కొట్టంలో ఒక బల్బు, పెరట్లో నీళ్ల మోటారు, వీలున్నవాళ్లకు గడ్డి కత్తిరించే చాఫ్ కట్టరు. చాలా ఇళ్లల్లో ఈ వైరు బట్టలారేసే దండెం పక్క నుంచో, చూరు కింద నుంచో, నేలమీద గోడ వారగానో పోతుంటుంది. అది ప్రమాదమని తెలుసుకున్న కొందరు ప్లాస్టిక్ పైపులో వైరు దూర్చి భూమిలో పూడ్చుకుంటున్నారు. ఆలోచన మంచిదే. చేస్తున్న తీరు చూస్తేనే భయం వేస్తోంది. జానెడు లోతు గాడి తీయడం, పైపు పడుకోబెట్టడం, కాలితో మట్టి నెట్టేయడం. దాంతో పని అయిపోయిందనుకుంటున్నారు.

రైతు సోదరులారా, పైకి కనపడే వైరు కంటే పైపైన పూడ్చిన వైరు మరింత ప్రమాదం. కనపడే వైరును చూసి చిన్నపిల్లాడైనా పక్కకు తప్పుకుంటాడు. కనపడని దాన్ని ఎవరు తప్పుకుంటారు? రేపు ఆవును కట్టేయడానికి కట్టుగొయ్య దిగ్గొడతారు. ఎల్లుండి కొబ్బరి మొక్కకు గుంత తీస్తారు. ఇంకో నాడు నీళ్ల పైపు కారుతోందని గునపం పట్టుకుంటారు. గునపం దెబ్బకు ప్లాస్టిక్ పైపు ఆగదు. ఆ గునపం పట్టుకున్నది మీరే కావచ్చు, మీ అబ్బాయి కావచ్చు, కూలికి వచ్చిన మనిషి కావచ్చు.

ఫ్యూజు ఉంది కదా, కొట్టేస్తుందిలే అని ధీమాగా ఉండకండి. మనిషి ప్రాణం పోవడానికి ఆంపియరులో పదో వంతు కరెంటు చాలు. 5 ఆంపియర్ల ఫ్యూజుకు అది లెక్కలోకే రాదు. ఇక ఫ్యూజు తీగ బదులు లావుపాటి రాగి తీగ చుట్టే అలవాటు ఉన్నచోట చెప్పేదేముంది! అందుకే మీటరు దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఎర్త్ లీకేజి బ్రేకరు పెట్టించుకోవాలి. కరెంటు దారి తప్పి భూమిలోకి పోతే క్షణంలో లైను కట్టేస్తుంది. దానిమీద ఉండే టెస్టు బటన్ నెలకోసారి నొక్కి చూడండి. పశువులున్న ఇంట్లో ఇది మరీ అవసరం. తడి నేలలో కరెంటు పారినప్పుడు పశువుకే దెబ్బ ఎక్కువ. ముందు కాళ్లకు, వెనక కాళ్లకు మధ్య దూరం ఎక్కువ కావడమే కారణం.

మరి ఎంత లోతు తవ్వాలి? మన ఇళ్లల్లో వాడే వోల్టేజీ కేబుళ్లను కనీసం 75 సెంటీమీటర్ల లోతున వేయాలని భారత ప్రమాణం ఐ.ఎస్. 1255 చెబుతోంది. అంటే రెండున్నర అడుగులు. బండి, ట్రాక్టరు తిరిగే బాట దాటేచోట మీటరు లోతు ఉండాలి.

"అంత లోతా?" అని నోరు తెరవకండి. లెక్క వేసి చూడండి. ఇంటికి, కొట్టానికి 20 మీటర్ల దూరం ఉందనుకుంటే, అడుగు వెడల్పున తవ్వితే వచ్చే మట్టి నాలుగున్నర ఘనపు మీటర్లు. మెత్తని నేల అయితే ఇద్దరికి ఒకటి రెండు రోజుల పని. పైపుకు, వైరుకు అప్పు తెచ్చి అయినా డబ్బు పెడుతున్నాం. ప్రాణం కాపాడేది లోతు. దానికి కావలసిందేమో మన రెక్కల కష్టమే. డబ్బు పెట్టాల్సిన చోట పెట్టి, ఒళ్లు వంచాల్సిన చోట పొదుపు చేయడం ఏం లెక్క?

అడుగు లోతులోనే బండ తగిలే నేలలు ఉన్నాయి, నిజమే. అలాంటిచోట ఇనప పైపు వేసి పైన కాంక్రీటు పోయించాలి. అదీ కుదరకపోతే స్తంభాలు పాతి, గడ్డి బండికి, ట్రాక్టరుకు అందనంత ఎత్తులో లైను లాగించుకోవడమే మేలు. అరకొరగా పూడ్చడం కంటే అది నయం.

వైరు విషయంలోనూ పొరపాట్లు జరుగుతున్నాయి. పైపు ఎంత బిగించినా లోపల చెమ్మ చేరుతుంది. గోడలకు వాడే ఒంటి పొర వైరు అందుకు పనికిరాదు. పైన రెండో పొర ఉన్న కేబులే వేయాలి. ఎర్త్ తీగను మరవొద్దు. పైపు లోపల అతుకు అసలు ఉండకూడదు. మధ్యలో కలపాల్సి వస్తే నేల పైకి తెచ్చి పెట్టెలో కలపాలి. నీళ్ల పైపుకు వాడే ఎల్బో పెడితే కేబులు మలుపు తిరగదు, పొర గీరుకుపోతుంది. పొడుగాటి బెండు వాడండి. పైపు రెండు చివరలు నేలకు పైన ఉండి, మూతి కిందికి వంగి ఉండాలి. ఎలుకలు, వాన నీళ్లు పోకుండా మూసేయాలి.

ఇంకొకటి. నీళ్ల పైపూ కరెంటు పైపూ ఒకే బూడిద రంగులో ఉంటే, నీళ్ల పైపే అనుకుని రంపంతో కోసేవాళ్లుంటారు. కరెంటు పైపుమీద ఎర్ర రంగు పూసి, నీళ్ల పైపుకు అడుగైనా ఎడంగా వేయండి. సగం మట్టి పోశాక దానిమీద వరసగా ఇటుకలు పేర్చండి. గునపం ముందు ఇటుకకు తగులుతుంది, తవ్వేవాడు ఆగుతాడు. మలుపు దగ్గరల్లా ఒక రాయి పాతండి. పైపు ఎక్కడి నుంచి ఎటు పోయిందో కాగితంమీద గీసి మీటరు బోర్డు దగ్గర అంటించండి. పూడ్చినవాడికి గుర్తుంటుంది, పదేళ్ల తర్వాత తవ్వేవాడికి ఎవరు చెబుతారు?

తీగలు కలిపే పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి. పని జరుగుతున్నంతసేపూ మెయిన్ ఆపి, ఫ్యూజు పీకి మీ జేబులో వేసుకోండి. గాడి పూడ్చేముందు మాత్రం మీరే టేపు పెట్టి కొలవండి. రెండున్నర అడుగులు రాకపోతే మట్టి పోయనివ్వకండి. ఎవరు తొందరపెట్టినా సరే.

ఇల్లు కాలాక బావి తవ్వినట్లు, మనిషి పోయాక గాడి లోతు చేసి లాభం లేదు. మీ పెరట్లో ఇప్పటికే పైపైన పూడ్చిన వైరు ఉంటే, ఈ వేసవిలో చేతికి పని లేని రెండు రోజులు చూసి, కరెంటు ఆపి, దాన్ని లోతుకు దించండి. తొలకరి పడితే నేల తడుస్తుంది, గునపాలు బయటికొస్తాయి. అప్పటికి ఆ పని అయిపోయి ఉండాలి.