యంత్రగణనం – ప్రమాణవిచారం

ఛందశ్శాస్త్రంలోని ప్రస్తార, నష్ట, ఉద్దిష్టాది ప్రత్యయాలు విద్యార్థుల సహనానికి పరీక్షలు. ఉత్పలమాల చేరిన కృతిచ్ఛందంలోనే వృత్తాలు 10,48,576. ఒకటి మొదలు ఇరువదియారక్షరాల వరకు గల ఛందాల సమవృత్తాలన్నీ కలిపితే 13,42,17,726. ప్రస్తారమంతా వ్రాయకుండానే వృత్తాన్నీ, దాని స్థానాన్నీ తెలిసికొనడానికి పింగళుడు చూపిన మార్గాలే నష్టోద్దిష్టాలు.

1988లో వెలువడిన మేథమేటికా, 2005లో ఆరంభమైన సేజ్ వంటి గణిత సాఫ్ట్‌వేర్లకు ఈ గణన క్షణాల పని. 2009లో వచ్చిన వుల్ఫ్రమ్ ఆల్ఫా అడిగిన ప్రశ్నకు నేరుగా సమాధానమే ఇస్తుంది. కనుక ప్రత్యయాల బోధన ఇక అనవసరమని ఎవరైనా వాదించవచ్చు. ఆ వాదం విచారణకు నిలువదు.

నైయాయికులు శబ్దాన్ని ప్రమాణంగా అంగీకరించినా, ఆప్తవాక్యమైనప్పుడే అంగీకరించారు. యంత్రం ఆప్తుడు కాదు. ఉత్పలమాల కృతిచ్ఛందంలో 3,55,799వ వృత్తం. ఆద్యక్షరం మొదలుకొని 1, 2, 4, 8 అని ద్విగుణిస్తూ అంకెలు వేసి, లఘువులపై నున్న అంకెలను కూడి, ఒకటి చేర్చితే ఈ సంఖ్య వస్తుంది. పొరపాటున చివరి అక్షరం నుండి అంకెలు వేసేటట్లు వ్రాసిన ప్రోగ్రాము 4,41,195 అని అంతే నిశ్చయంగా చెబుతుంది. ఉద్దిష్టక్రమం చేతితో చేసినవానికే ఆ దోషం పట్టుబడుతుంది. తక్కినవారికి రెండు సంఖ్యలూ ఒకటే.

వ్యాకరణంలోనూ ఇంతే. పాణినీయ సూత్రాలను ప్రోగ్రాముగా కూర్చి ప్రక్రియను యంత్రంచేత అనుకరింపజేయవచ్చు. కాని రెండు సూత్రాలు ఒకేచోట ప్రసక్తమైనప్పుడు ఏది ప్రవర్తించాలో ముందుగా నిర్ణయించి చెప్పవలసినవాడు వైయాకరణుడే. అతని సందేహాన్ని యంత్రం తీర్చదు, స్పష్టంగా ఎత్తిచూపుతుంది. అదే దాని ప్రయోజనం.

ఇది యంత్రనిరాకరణం కాదు. ముద్రిత లక్షణగ్రంథాలలోని వృత్తసంఖ్యలను సరిచూడడానికి ఇంతకన్న మంచి సాధనం లేదు. అయితే సాధనాన్ని ఎన్నుకొనేటప్పుడు ఒక భేదం గమనింపదగినది. మేథమేటికా అంతర్నిర్మాణం సంస్థ అధీనంలో ఉన్నది. సేజ్ మూలం అందరికీ తెరచి ఉన్నది. హేతువు అడిగే శాస్త్రాలకు హేతువు కనబడే సాధనమే తగినది.

కనుక ప్రాచ్యకళాశాలలలో ముందు చేతిలెక్క, పిదప యంత్రం అనే క్రమం ఉండాలి. పరీక్షలో మార్కులు ఫలితానికే కాక క్రమానికీ ఇవ్వాలి. క్రమం తెలిసినవాని చేతిలో యంత్రం శిష్యుడు; తెలియనివానికి అది ప్రశ్నింపరాని గురువు.