ఎక్కడం సరే... దిగడం ఎలా?

బొర్రా గుహలు చూసి బయటికొచ్చిన కుటుంబాలు చాలావరకు అడిగేది ఒకటే... 'కటికి జలపాతానికి జీపెంత?' బేరం కుదురుతుంది. పిల్లలు వెనక్కి, పెద్దాయన డ్రైవరు పక్కకి. తారు అయిపోయి రాళ్లదారి మొదలవుతుంది. జీపు ఒకపక్కకి ఒరిగి, ఇంకోపక్కకి లేచి, ఓ బండరాయి మీంచి దబ్బున దిగుతుంది. వెనక ఒకటే కేరింతలు. 'ఫోర్ వీల్ బండి కదా, ఎక్కడికైనా వెళ్తుంది' అంటాడు పెద్దాయన ధీమాగా.

వెళ్తుంది, నిజమే. తిరిగి కిందికి దిగేటప్పుడే ఆ ధీమా అంతగా పనికిరాదు.

మామూలు కారులో ఇంజను బలం రెండు చక్రాలకే అందుతుంది. ఫోర్ బై ఫోర్‌లో ముందూ వెనకా రెండు ఇరుసులకీ అందుతుంది. వెనక చక్రాలు బురదలో జారినా ముందువి లాగుతాయి. ఎక్కడానికి ఇది గొప్ప వరమే. ఆపడం దగ్గరికొస్తే ఎంత చిన్నకారుకైనా నాలుగు చక్రాలకీ బ్రేకులుంటాయి, దీనికీ అంతే. పైగా బరువెక్కువ!

గేరు రాడ్డు పక్కన ఉండే రెండో పొట్టి రాడ్డు పనికొచ్చేది ఇక్కడే. ఎక్కేటప్పుడు దాన్ని వాడేవాళ్లలో చాలామంది దిగేటప్పుడు మరచిపోతారు. బండిని ఆపి ఆ రాడ్డుని 'ఫోర్ లో'లో వేస్తే చక్రాలు దాదాపు రెండున్నర రెట్లు నెమ్మదిగా తిరుగుతాయి. మొదటి గేరులో వేసి, క్లచ్చి మీంచి కాలు తీసేస్తే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. బ్రేకు అవసరం ఎప్పుడో తప్ప రాదు. ఘాట్ రోడ్డు మీద పాత డ్రైవర్లు చెప్పే లెక్క కూడా అదే... ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలి.

డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేసి బండిని వదిలేసే అలవాటు దీనికి సరిగ్గా వ్యతిరేకం. కిలోమీటర్ల తరబడి భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి వేడెక్కేకొద్దీ పట్టు తగ్గుతుంది. ఇంజను ఆపేస్తే మరీ ప్రమాదం. బ్రేకుకి సాయంచేసే బూస్టరు రెండుమూడు తొక్కులతో ఖాళీ అయిపోతుంది. బ్రేకు ఆయిలుదీ ఒక గుణం ఉంది. గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిలు త్వరగా మరిగి బుడగలు కడుతుంది. అప్పుడు పెడలు నేల దాకా వెళ్లినా బండి ఆగదు. రెండేళ్లకోసారి ఆ ఆయిలు మార్చడానికయ్యే ఖర్చు ఒక టైరు ధరలో చిన్న వంతు. అయినా బండి ముందు ఇనుప కడ్డీలు బిగించడానికి ఉన్నంత ఉత్సాహం దీనికి ఉండదు. ఆ కడ్డీలేమో రోడ్డున పోయేవాళ్లకి ప్రమాదం. వాటిమీద చర్య తీసుకోమని కేంద్ర రవాణాశాఖ 2017లోనే రాష్ట్రాలకు చెప్పింది.

ఒకప్పుడు ఇవన్నీ ఏజెన్సీ డ్రైవర్ల గొడవలు. యుద్ధం కోసం పుట్టిన విల్లీస్ జీపుని మహీంద్రా 1940ల చివర్లో మనదేశానికి తెచ్చింది. 1985లో మారుతీ జిప్సీ వచ్చింది. 2010లో థార్, 2020లో కొత్త థార్, 2023లో జిమ్నీ, 2024లో అయిదు తలుపుల రాక్స్ వచ్చాక ఫోర్ బై ఫోర్ పట్నాల్లోని అపార్టుమెంట్ల సెల్లార్లలోకీ చేరిపోయింది. వారమంతా ఆఫీసుకీ, ఆదివారం మారేడుమిల్లికీ! వీటిలో చాలావాటిలో ముందూ వెనకా ఇరుసుల్ని కలిపి బిగించేసే పద్ధతే. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. బురదలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. పొడి తారు మీద ఆ వీలుండదు. స్టీరింగు బిగుసుకుంటుంది, గేర్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. తారెక్కగానే పొట్టి రాడ్డుని మామూలు స్థానానికి తెచ్చేయాలి.

ఇక ఇంజనాయిలు. ఇన్ని వేల కిలోమీటర్లకని పుస్తకంలో ఉంటుంది. రాళ్లదారిలో ఆ లెక్క మోసం చేస్తుంది. మొదటి గేరులో గంటకి ఆరేడు కిలోమీటర్లు నడిచిన బండి మీటరులో కనిపించేది ఆ ఆరేడే. ఇంజను మాత్రం ఆ గంటంతా దుమ్ములో, వేడిలో తిరుగుతూనే ఉంటుంది. ట్రాక్టరున్న రైతుకి ఇది చెప్పక్కర్లేదు. ట్రాక్టరు సర్వీసింగు గంటల లెక్కనే కదా! కొండదారుల్లో ఎక్కువగా తిరిగే బండికి పుస్తకంలో చెప్పినదానికంటే ముందే ఆయిలూ ఫిల్టరూ మార్చడం మేలు. ఎయిర్ ఫిల్టరు సంగతీ అంతే. డీజిలు బండి ఆయిలు నల్లబడిందని కంగారుపడనక్కర్లేదు. అది మసిని పట్టుకుంటోందనే అర్థం. గేజి కడ్డీ తీస్తే పాలు కలిపిన కాఫీలా కనిపించిందా... నీళ్లు చేరినట్టే. బండి ఇక కదలకూడదు.

ఈ బండ్లలో ఇంజను ఒక్కదానికే ఆయిలు చాలదు. గేరుబాక్సు, పొట్టి రాడ్డు కిందుండే పెట్టె, ముందు ఇరుసు, వెనక ఇరుసు... అన్నింటికీ వేరువేరుగా ఉంటుంది. వేడెక్కి ఉన్న ఇరుసు చల్లని గెడ్డలో దిగగానే లోపలి గాలి కుంచించుకుంటుంది. గాలి పీల్చుకోవడానికని పెట్టిన సన్నని గొట్టం మట్టితో పూడిపోయి ఉంటే, సీళ్ల సందుల్లోంచి నీటినే లాక్కుంటుంది. బయటికేమీ తెలియదు. కొన్ని నెలల తర్వాత 'గుయ్'మన్న మోత! లోతు నీళ్లు దాటి వచ్చాక బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున ఇరుసు అడుగు బోల్టు వదులు చేస్తే, నీరుంటే అదే ముందు కారుతుంది. క్రాస్ జాయింట్లకి ఆరోజే గ్రీజు కొట్టించాలి.

అసలు గెడ్డ దాటాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. నీళ్లు తేటగా, నెమ్మదిగా ఉంటే ఒకరు దిగి నడిచి చూసి రావాలి. ఎర్రగా, ఉరవడిగా ఉంటే నడవనూ కూడదు, నడపనూ కూడదు. పైన కొండమీద వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీరు పెరుగుతుంది. పారే నీరు అడుగు లోతుంటే చిన్నకార్లని తేల్చేస్తుంది, రెండడుగులుంటే చాలా బండ్లని మోసుకుపోతుంది. నీటి మధ్యలో ఇంజను ఆగిపోతే మళ్లీ స్టార్టు చేయకూడదు. సిలిండర్లోకి చేరిన నీరు గాలిలా నలగదు. కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది.

టైర్ల దగ్గర మాత్రం చిన్న ఖర్చుతో పెద్ద లాభం ఉంది. తారు మీద 30కి పైన ఉండే గాలిని, రాళ్లలో బురదలో 20-25కీ, ఇసుకలో 15-18కీ తగ్గిస్తే టైరు పొడవుగా పరుచుకుని నేలని పట్టుకుంటుంది. రాయిమీద ఎగిరిపడకుండా చుట్టుకుంటుంది, లోపలున్నవాళ్ల నడుములూ బతుకుతాయి. గాలి తగ్గించినప్పుడు వేగం, మలుపులు రెండూ నెమ్మదిగానే ఉండాలి. లేకపోతే ట్యూబ్‌లెస్ టైరు అంచు రిమ్ము మీంచి ఊడిపోతుంది. తారెక్కే ముందు మళ్లీ గాలి నింపకపోతే టైరు వేడెక్కి పేలే ప్రమాదముంది. కాబట్టి బండి బ్యాటరీతో నడిచే చిన్న పంపు, గాలి కొలిచే గేజీ లేకుండా ఈ పని మొదలెట్టకూడదు. టైరు పక్కగోడ మీద నాలుగంకెలుంటాయి. '3521' అంటే 2021లో 35వ వారం తయారీ అని. గాడులు బాగానే ఉన్నా రబ్బరు పగుళ్లిచ్చిన పాత టైరు, పదునైన రాయి తగిలితే పక్కగోడ దగ్గరే చీలుతుంది. అక్కడ పంచరు వేయడం కుదరదు. స్టెప్నీ ఒక్కటే దిక్కు. అందులో గాలి ఉందో లేదో ఇంటిదగ్గరే చూసుకోవాలి.

పట్నంవాళ్లకి ఇది సరదా. పాడేరు వైపు కొండల్లో సంతరోజున పసుపు, మిరియాల బస్తాలతోపాటు మనుషుల్ని మోసేదీ జీపే. రోడ్డులేని ఊళ్ల నుంచి డోలీలో మోసుకొచ్చిన రోగి, రోడ్డు తగిలినచోట ఎక్కేదీ చాలాసార్లు అలాంటి బండే. అక్కడ మరమ్మతు వాయిదా వేస్తే పోయేది ఒక ఆదివారం ప్రయాణం మాత్రమే కాదు. అయినా సీజన్లో ఒక్కరోజు బండి షెడ్డులో ఉంటే ఆరోజు కిరాయి పోయినట్టే. డ్రైవరుకి రెండువైపులా బరువే.

కటికి నుంచి తిరిగొచ్చిన జీపు ఆగగానే జాగ్రత్తగల డ్రైవరు ఒక పని చేస్తాడు. నాలుగు చక్రాల దగ్గరికీ వెళ్లి మధ్యభాగానికి అరచెయ్యి కొంచెం దూరంగా పెట్టి చూస్తాడు. ఒకటి మిగతావాటికంటే ఎక్కువ వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉందనో, బేరింగు పోతోందనో అనుమానం. అప్పటికే తర్వాతి ట్రిప్పువాళ్లు ఎక్కి కూర్చుని ఉంటారు. వాళ్లని దిగమనడం అతనికెంత కష్టమో, 'ఎందుకు ఆలస్యం?' అని గొడవపడకుండా దిగడం వాళ్లకీ అంత కష్టమే!