ఇల్లు కొనేముందు పాత నక్షా అడగండి

అమెరికాలో ఫీనిక్స్ చుట్టుపక్కల చాండ్లర్‌లోనో గిల్బర్ట్‌లోనో మకాన్ కొనాలనుకునే మనవాళ్లకు నాదొక మష్వరా. స్కూలు, మస్జిద్ ఎంత దూరమో చూస్తారు, మంచిదే. దాంతోపాటు ఆ జమీన్ పాత నక్షా కూడా చూడండి.

ఫీనిక్స్ ఉన్నది సాల్ట్ రివర్ లోయలో, చుట్టూ సహరా. 1950లో షహర్ జనాభా సుమారు 1.07 లక్షలు. 2020కి 16 లక్షలు దాటింది. ఈ ఫైలావ్ అంతా అమెరికా భూగర్భ సర్వే వాళ్ల నక్షాల్లో దర్జ్ అయ్యి ఉంది. వాటిలో ఒక అంగుళం అంటే నేల మీద 2,000 అడుగులు. గోధుమ రంగు గీతలు ఎత్తుపల్లాలను చూపుతాయి. వానొస్తేనే పారే వాగుకు తెగిన నీలి గీత. ఆ తర్వాత కట్టిన ఇళ్లను, రోడ్లను విమానం ఫొటోలు చూసి ఊదా రంగులో దిద్దేవారు. రెండు ఎడిషన్లు పక్కపక్కన పెడితే పొలాలనూ వాగులనూ మొహల్లాలు ఎలా కమ్మేశాయో తెలిసిపోతుంది.

ఫీనిక్స్‌లో సాల్ట్ నది ఏడాదిలో ఎక్కువ భాగం ఎండి ఉంటుంది. 1911లో పూర్తయిన రూజ్‌వెల్ట్ డ్యామూ, తర్వాతి డ్యాములూ, కాలువలూ నీళ్లను పైనే ఆపేస్తాయి. ఎండింది కదా అని జనం నదిని మరిచారు. 1980 ఫిబ్రవరి వరదల్లో ఆ మహానగరంలో నది దాటడానికి రెండే వంతెనలు మిగిలాయి.

సర్కారు వరద మ్యాపు ఉందిగా, పాతది ఎందుకంటారు కొందరు. అది ఇవాళ్టి అందాజా. బుల్డోజర్ చదును చేయకముందు అక్కడ ఏముండేదో చెప్పే గవాహీ పాత నక్షాదే. దానికీ ఒక హద్దుంది: భూమి కింద నీళ్లెన్నో అది చెప్పదు. భూగర్భజలం మీదే ఆధారపడే కొత్త కాలనీలకు ఫీనిక్స్ ప్రాంతంలో ఇక మంజూరీ ఇవ్వబోమని 2023 జూన్‌లో అరిజోనా ప్రకటించింది. కాబట్టి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో కూడా బిల్డర్‌ని అడగాలి.

1908లో మూసీ తుగ్యానీ వేలమందిని మింగింది. ఆ ఖిస్సా వింటూ పెరిగిన హైదరాబాదీ ఖాందాన్లకు నది సంగతి ఇంకెవరో చెప్పాలా? పాత నక్షాలు ఆ సర్వే వెబ్‌సైట్‌లో ముఫ్త్‌గా దొరుకుతాయి. అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక పూట వాటికి కేటాయించండి.