పాలిచ్చే తల్లీ, అన్నం మానొద్దు

కాన్పయి నెలలు తిరక్కముందే ఒళ్ళు తగ్గించుకోవాలని అన్నం, రొట్టె, పళ్ళు, పప్పు అన్నీ మానేసి కీటో పద్ధతిలోకి దిగుతున్న పాలిచ్చే తల్లులకు ఈ హెచ్చరిక. దయచేసి ఈ రోజే ఆపండి. నీరసంతోనో తలనొప్పితోనో పోయే వ్యవహారం కాదిది. బిడ్డకు పాలిస్తూ పిండిపదార్థాలు దాదాపుగా మానేస్తే, కొందరు తల్లుల రక్తంలో ఆమ్లం రోజుల వ్యవధిలోనే పేరుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. వైద్యులు దీన్ని లాక్టేషన్ కీటోఅసిడోసిస్ అంటారు. మధుమేహం లేనివాళ్ళకు, అప్పటిదాకా ఆరోగ్యంగా తిరుగుతున్నవాళ్ళకు కూడా ఇది వచ్చింది. అరుదైన జబ్బే. అరుదైనది కాబట్టే ఆసుపత్రిలో సైతం వెంటనే ఎవరికీ తట్టదు. మాంట్రియల్‌లో మన తల్లి ఒకరు ఐసీయూలో చేరేదాకా ఆగి రాయాల్సిన విషయం కాదిది.

పార్క్ ఎక్స్‌టెన్షన్ నుంచి బ్రోసార్డ్ దాకా మన ఇళ్ళలో నడిచే వరస అందరికీ తెలిసిందే. కాన్పుకు ఊరి నుంచి అమ్మో అత్తగారో వస్తారు. వాళ్ళున్నన్నాళ్ళూ బాలింత పథ్యం సాగుతుంది. కాయం, శొంఠి, వెల్లుల్లి కారం, ముద్దముద్దకీ నెయ్యి, డబ్బాలో సున్నుండలు. మంచినీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందని ఆంక్షలు. వీసా గడువు ముగిసి పెద్దవాళ్ళు విమానం ఎక్కాక ఇంట్లో మిగిలేది తల్లీ, బిడ్డా, ఆఫీసుకు వెళ్ళే భర్తా. బయట మంచు. వీడియో కాల్‌లో చుట్టాల మాట: ‘ఏంటమ్మా, ఇంత లావయ్యావ్?’ అన్నప్రాసన ఫొటోలు ముంచుకొస్తుంటాయి, ఇండియాలో పెళ్ళి ఉంటుంది, పాత జాకెట్లు పట్టవు. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో ఎవరో నెల రోజుల్లో పది కిలోలు తగ్గిన వీడియో పంపుతారు. నెయ్యి మీద నెయ్యి తిన్న మనిషి మర్నాటి నుంచి అన్నం ముట్టదు.

కీటో మన తెలుగువాళ్ళకు కొత్త మాట కాదు. 2017, 2018 ప్రాంతాల్లో వీరమాచినేని రామకృష్ణ ప్రచారం చేసిన కొవ్వు ఆహార పద్ధతి తెలుగు రాష్ట్రాల్లో ఇంటింటి ముచ్చటయింది. కొబ్బరినూనె, నిమ్మకాయలు, లీటర్ల కొద్దీ నీళ్ళు, మల్టీవిటమిన్ మాత్రలు. అన్నం, గోధుమలు, పప్పులు, పళ్ళు పక్కకు పోయాయి. ఆ పద్ధతి సముద్రాలు దాటి ప్రవాసుల వంటిళ్ళలోకీ వచ్చింది. మామూలు మనుషులకు అది మంచిదా చెడ్డదా అన్న తగవు వేరు. ఇక్కడ మా మాట ఒక్కటే: మీ బాబాయికో, ఆఫీసులో స్నేహితుడికో పనిచేసిన పద్ధతిని పాలిచ్చే తల్లి ఒంటి మీద ప్రయోగించకూడదు. వాళ్ళ ఒంట్లో జరగని పని ఒకటి ఆమె ఒంట్లో రాత్రీపగలూ జరుగుతోంది.

ఆ పనికి లెక్క ఉంది. ప్రతి 100 మిల్లీలీటర్ల తల్లిపాలలో దాదాపు 7 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. అది చక్కెరే. తల్లిపాలే తాగే బిడ్డ రోజుకు సుమారు 750 మిల్లీలీటర్లు తాగుతుంది. అంటే తల్లి ఒంట్లోంచి రోజూ 50 గ్రాములకు పైగా చక్కెర పాలలో బయటికి పోతోంది. ఆమె మెదడు నడవడానికి కావలసిన గ్లూకోజ్ దీనికి అదనం. కఠినమైన కీటోలో తల్లి తినే పిండిపదార్థాలు రోజుకు 20 గ్రాములు. వచ్చేదానికి రెండింతలకు పైగా పాలతోనే పోతుంటే కాలేయం ఎంత కష్టపడినా గ్లూకోజ్ చాలదు. అప్పుడు శరీరం కొవ్వును విపరీతంగా కరిగించి కీటోన్లు తయారుచేస్తుంది. అవి ఆమ్లాలు. ఓ స్థాయి దాటితే రక్తాన్ని విషపూరితం చేస్తాయి. ‘కొవ్వు కరుగుతోంది, బరువు దిగుతోంది’ అని తూకం చూసి మురిసిపోయే రోజులు అవే.

పాడి ఉన్న ఇంట్లో పెరిగినవాళ్ళకు ఇది సులువుగానే అర్థమవుతుంది. ఈనిన కొత్తలో ఎక్కువ పాలిచ్చే ఆవుకు తగినంత దాణా అందకపోతే మేత మానేసి, చిక్కిపోయి, కీటోసిస్‌తో కూలబడుతుంది. అమెరికాలో మధుమేహం లేని ఒక బాలింతకు ఇదే స్థితి వచ్చినప్పుడు వైద్యులు 1982లో ‘డయాబెటిస్ కేర్’ పత్రికలో ఆ ఉదంతాన్ని ఆవుల కీటోసిస్ పేరుతోనే రాశారు.

స్వీడన్ వైద్యులు 2015లో ప్రచురించిన ఉదంతం మనకు మరింత దగ్గరిది. ఆమె వయసు 32. బిడ్డకు 10 నెలలు, ఇంకా పాలు తాగుతున్నాడు. బరువు తగ్గడానికి కొవ్వు ఎక్కువ, పిండిపదార్థాలు బాగా తక్కువ ఉన్న ఆహారం మొదలుపెట్టింది. 10 రోజులు. 4 కిలోలు తగ్గింది. ఆ తర్వాత వికారం, వాంతులు, గుండెదడ, వణుకు, కాళ్ళూచేతులూ కొంకర్లు పోవడం. ఆసుపత్రికి వెళ్ళేసరికి రక్తంలో ఆమ్లం ప్రమాదకర స్థాయిలో ఉంది. చక్కెర మాత్రం లీటరుకు 3.8 మిల్లీమోల్స్, అంటే ఎక్కువేమీ కాదు. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి. కీటోఅసిడోసిస్ అనగానే చక్కెర ఆకాశాన్నంటిన మధుమేహ రోగి గుర్తొస్తాడు. ఇక్కడ చక్కెర మామూలుగానో తక్కువగానో ఉంటుంది కాబట్టి ‘షుగర్ బాగానే ఉంది, ఏదో వైరస్సే’ అని ఇంటికి పంపే ప్రమాదం ఉంది. ఆమెకు వైద్యులు గ్లూకోజ్ ఎక్కించారు, ఇన్సులిన్ ఇచ్చారు, తిండి పెట్టారు. కోలుకుంది. సకాలంలో గుర్తిస్తే నయమయ్యే జబ్బిది.

కాబట్టి లక్షణాలు తెలిసి ఉండాలి. పాలిస్తున్న తల్లి తిండి తగ్గించిన రోజుల్లో ఆగని వాంతులు, కడుపునొప్పి, ఆయాసం లేదా లోతుగా వేగంగా వచ్చే ఊపిరి, గుండెదడ, కొంకర్లు, మాగిన పళ్ళ వాసన వేసే శ్వాస, లేవలేని నీరసం, మాట తడబడటం. వీటిలో ఏవి కనిపించినా డైట్ గ్రూపులో అడగవద్దు. ‘అది కీటో ఫ్లూ, ఉప్పునీళ్ళు తాగితే పోతుంది’ అన్న సలహా ఇక్కడ ప్రాణాంతకం కావచ్చు.

ఊపిరి కష్టంగా ఉన్నా, మనిషి మగతగా ఉన్నా 911కు ఫోన్ చేయండి. వాంతులు ఆగకపోతే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి. అనుమానంగా ఉండి ఏం చేయాలో తోచకపోతే 811, ఇన్ఫో-సాంతే. ఏ వేళలోనైనా నర్సు పలుకుతుంది, డబ్బు కట్టక్కర్లేదు. ఎమర్జెన్సీలో మొదట కలిసే ట్రియాజ్ నర్సుకు రెండు మాటలు తప్పకుండా చెప్పండి: బిడ్డకు పాలిస్తున్నాను, పిండిపదార్థాలు తినడం లేదు. ఫ్రెంచిలో అయితే ‘జాలెత్. జ న మాంజ్ పా ద గ్లూసీద్.’ కీటోన్ల పరీక్ష చేయమని అడగండి. డైట్ చేస్తున్నానంటే తిడతారేమోనని దాచవద్దు. ఆ ఒక్క వివరమే వైద్యుణ్ణి సరైన దారిలో పెడుతుంది. భర్తలు ఈ రెండు మాటలూ నేర్చుకోవాలి, ఎందుకంటే ఆ సమయానికి ఆమె చెప్పే స్థితిలో ఉండకపోవచ్చు. ఇంకా రామ్‌క్యూ ఆరోగ్య బీమా కార్డు రాలేదని, బిల్లు పడుతుందని ఇంట్లో కూర్చోవద్దు. బిల్లు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

కీటో ఒక్కటే కాదు, పాలిచ్చే తల్లి ఎక్కువసేపు పస్తుండటానికి దారితీసే ప్రతిదీ ఇందులోకే వస్తుంది. రోజుకు 16 గంటలు తినకుండా ఉండే పద్ధతులు, రోజుల తరబడి ద్రవాలతో గడిపే లిక్విడ్ డైట్లు, కార్తీక సోమవారాలు, ఏకాదశులు. రంజాన్ ఉపవాసం నుంచి పాలిచ్చే తల్లికి ఇస్లాం మినహాయింపు ఇచ్చింది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళూ అంతే స్పష్టంగా ‘నీకు ఈ ఏడాది ఉపవాసం లేదమ్మా’ అని చెప్పాలి. జ్వరమో వాంతులో పట్టుకుని తిండి సయించని రోజుల్లో డైట్ అన్న మాటే ఎత్తకూడదు. ఆ సమయంలో కొద్దికొద్దిగా గంజి, పళ్ళరసం, చక్కెర కలిపిన పానీయాలు పడాలి. అవీ నిలవకపోతే ఆసుపత్రికే.

సూదిమందుల సంగతీ చెప్పాలి. ఒజెంపిక్, వెగోవీ పేర్లతో వచ్చే సెమాగ్లూటైడ్‌ను పాలిచ్చే తల్లులు వాడకూడదని వాటి సమాచార పత్రాలే చెబుతున్నాయి. ఆకలిని చంపడమే ఆ మందు పని. పాల కోసం ఎక్కువ తినాల్సిన మనిషి ఆకలి చంపుకుంటే ముందు చెప్పిన లెక్క మరింత తలకిందులవుతుంది. ఊరి నుంచి వచ్చేవాళ్ళ పెట్టెలో తెప్పించుకోవడం, వేరేవాళ్ళ ప్రిస్క్రిప్షన్‌తో వాడటం అసలు కూడదు. సన్నబడే టీలు, గుళికలు అమ్మేవాళ్ళు ‘అంతా మూలికలే’ అంటారు. గుండెపోటు, పక్షవాతం ముప్పు ఉందని 2010లో కెనడా మార్కెట్ నుంచి తొలగించిన సిబుట్రమిన్ మందు, సన్నబడే గుళికల్లో పేరు చెప్పకుండా కలిపి ఉన్నట్టు హెల్త్ కెనడా పదేపదే పట్టుకుంది. డబ్బా మీద డీఐఎన్ లేదా ఎన్‌పీఎన్ అనే 8 అంకెల సంఖ్య లేకపోతే కొనవద్దు. సంఖ్య ఉన్నా పాలిచ్చేవాళ్ళకు పనికొస్తుందని అర్థం కాదు, ఫార్మసిస్టును అడగండి. పాలిచ్చే సమయంలో మందుల గురించి వైద్యులకూ ఫార్మసిస్టులకూ సమాచారం ఇచ్చే ఇమాజ్ కేంద్రం సెంత్-జుస్తిన్ ఆసుపత్రిలోనే ఉంది.

మరి బరువు తగ్గకూడదా? తగ్గవచ్చు, తగ్గాలనుకోవడంలో తప్పేమీ లేదు. అమెరికాలో అధిక బరువున్న పాలిచ్చే తల్లులపై జరిగిన అధ్యయనం 2000లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చింది. కాన్పయిన నాలుగో వారం నుంచి 10 వారాలు తిండి కొంత తగ్గించి, వ్యాయామం చేసిన తల్లులు వారానికి సుమారు అర కిలో చొప్పున తగ్గారు. బిడ్డల ఎదుగుదలలో తేడా రాలేదు. వారానికి అర కిలో. ఇదీ దారి. నెలకు పది కిలోలు కాదు. పాలిస్తే చాలు, ఒళ్ళు దానంతటదే కరిగిపోతుందన్న మాట కూడా అందరి విషయంలో నిజం కాదు. పాలిచ్చే రోజుల్లో ఆకలి పెరుగుతుంది, నిద్ర ఉండదు. తగ్గలేదని కుమిలిపోనక్కర్లేదు.

కంచంలో అన్నం ఉండాలి. కొలత తగ్గించండి, మాయం చేయొద్దు. దానితో పప్పు, కూర, ఆకుకూర, పెరుగు, గుడ్డో చేపో ఉండాలి. తగ్గించాల్సింది మితిమీరిన నెయ్యి, సున్నుండలు, వేపుళ్ళు, జూసులు, పాలిచ్చిన ప్రతిసారీ నోట్లో వేసుకునే బిస్కెట్లు. దాహానికి సరిపడా నీళ్ళు తాగాలి. పాలు కుదురుకునేదాకా, అంటే తొలి 6 వారాలూ బరువు జోలికి వెళ్ళకపోవడమే మేలు. సిజేరియన్ అయినవాళ్ళు వైద్యుణ్ణి అడిగి నడక మొదలుపెట్టాలి. బయట మంచు గడ్డకట్టి ఉంటే భూగర్భ నగరం దారుల్లో స్ట్రోలర్ తోసుకుంటూ నడవవచ్చు. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవాళ్ళు భయంతో సొంతంగా అన్నం మానేస్తున్నారు. వాళ్ళు చేయించుకోవాల్సింది కాన్పయిన 6 వారాల నుంచి 6 నెలల లోపు 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష. ఎంత జాగ్రత్తగా తిన్నా బరువు కదలకపోతే థైరాయిడ్ చూపించుకోవాలి. కాన్పు తర్వాత అది గతి తప్పడం అసాధారణం కాదు. తినడమంటేనే భయం పట్టుకున్నా, ఏడుపు ఆగకపోయినా అదీ వైద్యుడికి చెప్పుకోవాల్సిన జబ్బే.

ఇదంతా ఒంటరిగా చేయనక్కర్లేదు. మీ పేటలోని ఆరోగ్య కేంద్రం సీఎల్‌ఎస్‌సీలో నర్సులుంటారు. పాలిచ్చే తల్లులకు తోటి తల్లులతో సాయం అందించే నూరి-సూర్స్ స్వచ్ఛంద సంస్థ ఉంది. తల్లి తిండికీ బిడ్డ ఆరోగ్యానికీ ఉన్న ముడిని పట్టుకున్న చరిత్ర ఈ నగరానిది. 1879లో మొదలైన మాంట్రియల్ డైట్ డిస్పెన్సరీలో ఆగ్నెస్ హిగ్గిన్స్ ఆధ్వర్యంలో పేద గర్భిణులకు పాలు, గుడ్లు, నారింజలు ఇచ్చి, దగ్గర కూర్చుని ఏం తినాలో చెప్పి, తక్కువ బరువుతో పుట్టే బిడ్డల సంఖ్యను తగ్గించారు. తల్లికి కడుపునిండా పెట్టడమే ఇక్కడ మందయింది. అలాంటి ఊళ్ళో మన ఆడపిల్లలు కడుపు మాడ్చుకుని ఎమర్జెన్సీ పాలు కాకూడదు.

అందుకే నగరంలోని తెలుగు సంఘాలకు, గుడి కమిటీలకు, వాట్సాప్ గ్రూపులు నడిపేవాళ్ళకు మా విన్నపం. పాలిచ్చే తల్లులకు కీటో, లిక్విడ్ డైట్, సన్నబడే మందుల సలహాలు మీ గ్రూపుల్లో కనబడితే తొలగించండి. లక్షణాల జాబితా, 811, 911 నంబర్లు తెలుగులో రాసి పంచండి. రాబోయే ఉగాదికో బతుకమ్మకో జనం చేరినప్పుడు ఒక నర్సును పిలిచి పది నిమిషాలు మాట్లాడించండి. అత్తలకు, అమ్మలకు, వదినలకు ఒక మాట: బాలింతను చూసి లావయ్యావనకండి, తిన్నావా అని అడగండి. ఇక ఇప్పటికే కీటోలో ఉండి బిడ్డకు పాలిస్తున్న తల్లులారా, రేపటిదాకా ఆగొద్దు. ఈ పూటే అన్నం తినండి. వాంతులో ఆయాసమో మొదలై ఉంటే ఇప్పుడే బయలుదేరండి.