వెతికితే దొరికిందే చరిత్రా?

పందొమ్మిదో శతాబ్దంలో నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాలు ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే ఇప్పుడు మద్రాసు గ్రంథాలయాల మెట్లెక్కనక్కర్లేదు. చేతిలో సెల్‌ఫోన్ చాలు. అమెరికన్ బాప్టిస్టులు 1885లో ఉదయగిరిలో, 1893లో ఆత్మకూరులో మిషన్ కేంద్రాలు పెట్టారు. తెలుగునాట పనిచేసిన ఆ దొరల ఉత్తరాలు, నివేదికలు బోస్టన్ నుంచి నెలనెలా వెలువడిన 'బాప్టిస్ట్ మిషనరీ మ్యాగజైన్'లో అచ్చయ్యేవి. ఆ సంపుటాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.

స్థానిక చరిత్ర రాసేవాళ్లకు ఇది పెన్నిధే. అయితే ఆ ఉత్తరాలు ఎవరి కోసం రాశారన్నది మరిచిపోకూడదు. సముద్రాల అవతల చందాలిచ్చే సంఘాలను కదిలించాలి. అందుకే బాప్తిస్మాల లెక్కకు దక్కిన చోటు రైతు కట్టిన శిస్తుకు దక్కదు. అలాగని కొట్టిపారేయడానికీ లేదు. మన పండితులు తొంగిచూడని మాదిగపల్లెల సంగతులు ఆ కాగితాల్లోకే ఎక్కాయి.

అదే 1885లో పూండ్ల రామకృష్ణయ్య నెల్లూరు నుంచి 'అముద్రిత గ్రంథ చింతామణి' మొదలుపెట్టారు. తాటాకుల్లో మగ్గుతున్న కావ్యాలను అచ్చుకెక్కించడం దాని పని. మెట్ట పొలాల్లో వాన పడిందా లేదా అన్నది కాదు. ఒకే జిల్లా, ఒకే కాలం. రెండు పత్రికలూ పక్కపక్కన పెట్టుకుంటే తప్ప బొమ్మ పూర్తికాదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఇంగ్లీషు పేజీలో ఊరి పేరు కొడితే, స్పెల్లింగు నాలుగు రకాలుగా మార్చి చూసైనా, వాక్యం దొరుకుతుంది. పాత తెలుగు పేజీ స్కానయినా నోరు విప్పదు. అరసున్నలు, బండి ఱలు, ఒత్తుల కింద ఒత్తులు, చెదిరిన సిరా చూసి యంత్రం తికమకపడుతుంది. తేదీల తంటా వేరు. 1876లో మొదలైన కరువును మనవాళ్లు ధాత కరువన్నారు. తెలుగు సంవత్సరాల పేర్లు తెలియనివాడు అంకెలతో ఎంత గాలించినా ఆ మాట చిక్కదు. కష్టపడి వెతకడం కన్నా తేలిగ్గా దొరికినదాన్ని ఎత్తిరాయడం సులువు. అలా రాసిన వ్యాసాలు ఇప్పటికే మా బల్లమీదికి వస్తున్నాయి.

స్కానింగుతో పని అయిపోయిందనుకోవడం పొరపాటు. ఆత్మకూరు, ఉదయగిరి డిగ్రీ విద్యార్థులు తలా ఒక పాత సంచికను తీసుకుని విషయసూచిక, ఊళ్ల పేర్లు, వ్యక్తుల పేర్లు టైపు చేస్తే చాలు, మూగ పేజీలు పలుకుతాయి. వాటిని బాస్వెల్ కూర్చగా 1873లో అచ్చయిన నెల్లూరు జిల్లా మాన్యువల్‌తోనూ, 1905 నాటి నెల్లూరు శాసన సంపుటాలతోనూ సరిచూడాలి. ఊళ్లో పెద్దల నోట మిగిలిన మాటనూ కలుపుకోవాలి. ఆ చాకిరీ చేయనంత కాలం యంత్రం ఎవరి రాతను చదవగలిగితే వాళ్ల మాటే మన చరిత్రగా చలామణీ అవుతుంది.