సాయమడగడం నిర్లక్ష్యమా?

ఏటీఎం కాడ మోసపోయినోళ్ల గురించి పేపర్లో వార్త వస్తే మనం ఏం చేస్తాం? చదివి, 'ఇంత అమాయకులు కూడా ఉంటారా' అని పక్కనున్నాయనకు చూపించి పేజీ తిప్పేస్తాం. చాలా ఏండ్లు నేనూ అదే చేశాను. పోయిన వానాకాలం కోతలప్పుడు ఆ వార్త మా ఇంట్లకే వచ్చింది. అందులోని అమాయకుడు మా చిన్నబాపు.

ఆయన్ను అమాయకుడంటే ఊళ్లో ఎవరైనా నవ్వుతారు. ముప్పై ఏండ్లకు పైగా ఆర్టీసీలో కండక్టరు. కిక్కిరిసిన బస్సులో టికెట్ తీసుకోనివాణ్ని మొకం చూసి పట్టేవాడు. డిపోలో లెక్క అప్పజెప్పితే పావలా తేడా వచ్చేది కాదు. జేబుదొంగలు ఆయన బస్సెక్కి, ఆయన్ను చూసి తర్వాతి స్టాపులో దిగిపోయేవాళ్లని తోటి డ్రైవర్లు ఇప్పటికీ చెప్తారు. అట్లాంటి మనిషి ఒక్క రాత్రిలో 38 వేల రూపాయలు పోగొట్టుకున్నాడు. తప్పు ఆయన తెలివిలో ఉందా, ఆయన్ను తీసుకపోయి నిలబెట్టిన చోటులో ఉందా? ఈ ప్రశ్న అడగకుండా 'జర పైలంగా ఉండాలె పెద్దమనిషీ' అని ఉపన్యాసాలిచ్చే వాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

ఆ రోజు రెండో శనివారం. 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులు తెరవరు. తెల్లారితే ఆదివారం. దొంగలకు కూడా క్యాలెండర్ ఉంటుంది. హార్వెస్టర్ కిరాయి కట్టాలని చిన్నబాపు బస్టాండు పక్కనున్న ఏటీఎంకు పోయాడు. గార్డు లేడు. గార్డు కూచునే కుర్చీ మాత్రం ఉంది. లోపల మిషన్ రెండుసార్లు కార్డు తీసుకోనంది. తెర మీద తెలుగు ఉంది, కాదనను. కానీ అది ఎవరి తెలుగు? 'నగదు ఉపసంహరణ' అట! మా ఊళ్లల్ల ఉపసంహరణ అంటే సర్పంచి ఎన్నికల్లో నామినేషన్ వాపసు తీసుకునుడు. 'పైసలు తీసుకోండి' అని రాస్తే మిషన్ చెడిపోతదా?

వెనక నిలబడ్డ పిల్లగాడు ముందుకొచ్చాడు. మెడలో ఐడీ కార్డు, వీపుకు బ్యాగు. "బాపూ, గట్ల కాదు, చిప్పు అటు తిరిగింది. ఇటియ్యి" అన్నాడు. కార్డు సరిగ్గా పెట్టి, "ఇగ పిన్ కొట్టు" అని మర్యాదగా మొకం పక్కకు తిప్పుకున్నాడు. ఆ మర్యాదకే మా చిన్నబాపు పడిపోయాడు. ఎందుకంటే పిన్ను చూసింది వాడు కాదు. తలుపు దగ్గర ఫోన్ మాట్లాడుతున్నట్టు నిలబడ్డ రెండోవాడు. నాలుగు వేలు బయటికొచ్చాయి. నోట్లు లెక్కపెట్టుకునే లోపల పిల్లగాడు కార్డు తీసి చేతిలో పెట్టాడు. అదే బ్యాంకు, అదే రంగు. కానీ అది చిన్నబాపు కార్డు కాదు.

పేరు చూసుకోవద్దా అని మీరడుగుతారు. ఆ కార్డు మీద పేరు ఉంటే కదా! ఖాతా తెరిచిన రోజే కవరులో పెట్టి ఇచ్చే కార్డుల మీద చాలావరకు పేరు అచ్చు వేయరు. 2014 ఆగస్టులో మొదలైన జన్‌ధన్ ఖాతాలకిచ్చిన రూపే కార్డులు కూడా ఎన్నో అట్లాంటివే. అంకెలు తప్ప వేరే గుర్తు లేని కార్డులు లక్షల మంది చేతుల్లో పెట్టారు. నిన్న ఒకరి దగ్గర కొట్టేసిన కార్డును ఇయ్యాళ ఇంకొకరి చేతిలో పెడతారు. ఇయ్యాళటిది రేపు మరొకరికి. చిన్నబాపు ఇంటికి తెచ్చుకున్న కార్డు ఎవరిదో, ఆ పాపం మనిషి ఎంత పోగొట్టుకున్నాడో మాకు ఈ రోజుకూ తెలియదు.

ఆ రాత్రి 12 కొట్టడానికి కొద్ది నిమిషాల ముందు 9,500 చొప్పున రెండుసార్లు తీశారు. 12 దాటాక మళ్లీ రెండుసార్లు. ఈ లెక్క ఊరికే వేసింది కాదు. ఆ కార్డుకు రోజుకు ఇంతని ఒక హద్దు ఉంది. తారీఖు మారితే హద్దు మళ్లీ మొదటికొస్తుంది. పదివేలు, ఆపైన తీస్తే ఫోనుకు ఓటీపీ వస్తుంది. స్టేట్ బ్యాంకు ఈ ఓటీపీ పద్ధతిని 2020 జనవరి 1 నుంచి రాత్రిపూటకు, అదే ఏడు సెప్టెంబరు 18 నుంచి రోజంతా పెట్టింది. తర్వాత మరికొన్ని బ్యాంకులు అదే బాట పట్టాయి. మంచి పనే. కానీ గోడ ఎంత ఎత్తు కట్టారో అందరికీ చెప్పి కట్టారు. దొంగ దానికి 500 తగ్గించుకొని లోపలికొస్తున్నాడు.

ఇంకో మాట. ఒకప్పుడు కార్డు దొంగతనమంటే కంప్యూటర్ తెలిసినవాళ్ల పని. కార్డు దూర్చే సందులో చిన్న పరికరం బిగించి, వెనకున్న నల్లపట్టీ మీది వివరాలు కాపీ కొట్టి దొంగకార్డు తయారుచేసేవాళ్లు. అందుకే రిజర్వు బ్యాంకు 2018 డిసెంబరు 31 లోపల అన్నీ చిప్పు కార్డులుగా మార్చాలని బ్యాంకులకు గడువు పెట్టింది. చిప్పును అట్లా కాపీ కొట్టడం తేలిక కాదు. దాంతో దొంగ మళ్లీ పాత పద్ధతికే వచ్చాడు. అసలు కార్డునే చేతివాటంతో మార్చేస్తే సరిపోయె! కొన్నిచోట్ల కార్డు సందులో జిగురు పూసి, గోడకు ఉత్తుత్తి కస్టమర్ కేర్ నంబరు అంటిస్తున్నారు. కార్డు ఇరుక్కుంటుంది, ఆ నంబరుకు ఫోన్ చేస్తే 'పిన్ కొట్టండి, రాదా, అయితే రేపు బ్యాంకుకు పోండి' అంటాడు. మనం అటు పోగానే వాడు కార్డు పీక్కుంటాడు. దీనికి కంప్యూటర్ చదువు ఎందుకు? సాయమడిగే మనిషి ఒకరు, ఆ సాయం చేయడానికి పెట్టిన మనిషి లేని గది ఒకటి ఉంటే చాలు.

నాలుగు మెసేజీలూ చిన్నబాపు డబ్బా ఫోనుకు వచ్చాయి. నాలుగూ ఇంగ్లీషులో. నిద్రలో చూడలేదు, చూసినా చదవలేడు. పొద్దున మనవరాలు చదివి చెప్పింది. కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేస్తే కార్డు అంకెలు చెప్పమన్నారు. చేతిలో ఉన్న కార్డు చూసి చెప్పాడు. 'ఆ కార్డు మీ ఖాతాది కాదండీ' అన్నది అవతలి గొంతు. అసలు మోసమేందో మాకు తెలిసింది అప్పుడే. ఖాతా నంబరుతో కార్డు ఆపించేసరికి గంట పట్టింది.

సోమవారం బ్యాంకుకు పోయాం. మేనేజరు చెడ్డ మనిషేం కాదు. కుర్చీ వేయించాడు, నీళ్లిచ్చాడు. అంతా విని ఒక్క మాట అన్నాడు: "కార్డు మీరే ఇచ్చారు, పిన్ మీరే కొట్టారు. ఇది మీ నిర్లక్ష్యం కింద వస్తుంది సార్."

నిర్లక్ష్యం! ఈ మాటెక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా మూడో మనిషి వల్ల సొమ్ము పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెప్తే మన మీద భారం సున్నా. నాలుగు నుంచి ఏడు రోజులైతే కొంత హద్దు వరకు మనం భరించాలి. కానీ పిన్ లాంటివి ఇతరులకు తెలియజేసిన 'నిర్లక్ష్యం' ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయిందంతా మన ఖాతాలోనే. చెప్పిన తర్వాత పోయింది మాత్రం బ్యాంకు భరించాలి. మేనేజరు పట్టుకున్నది ఆ ఒక్క వాక్యం.

అదే సర్క్యులర్లో ఇంకా రెండు వాక్యాలున్నాయి. అవి మాకు ఏ కౌంటరులోనూ ఎవరూ చెప్పలేదు. ఒకటి, ఖాతాదారుడిదే తప్పని రుజువు చేయాల్సిన భారం బ్యాంకుదే. రెండు, ఖాతాదారుడి నిర్లక్ష్యం ఉన్నా సరే, బ్యాంకు తలచుకుంటే ఆ భారాన్ని మాఫీ చేయవచ్చు. చేయవచ్చు అని రాసి ఉంది! మరి ఎవరికి చేశారు? బ్యాంకులు లెక్క చెప్పాలి.

మా చిన్నబాపు ఎవరికీ పిన్ చెప్పలేదు. పక్కవాడు దొంగచాటుగా చూశాడు. చెప్పడానికీ చూడబడడానికీ తేడా లేదా? ఆయన చేసిందల్లా సాయం తీసుకోవడం. ఎందుకు తీసుకున్నాడు? అడగడానికి అక్కడ బ్యాంకు మనిషి లేడు కనుక. నాలుగు వేలకు కౌంటరుకు రావద్దు, ఏటీఎంకు పొమ్మని పంపింది ఎవరు? ఆయన తనంతట తను మిషన్ మీద మోజుపడి పోలేదు. ఉచిత లెక్క దాటితే ఒక్కసారికి 23 రూపాయల దాకా వసూలు చేసుకోవచ్చని 2025 మే 1 నుంచి అనుమతి కూడా ఉంది. రుసుముకు మాత్రం మిషన్ ఏనాడూ మొరాయించదు. కాపలాకు వచ్చేసరికి ఖర్చు గుర్తుకొస్తుంది. 2013 నవంబరులో బెంగళూరు ఏటీఎంలో ఒక మహిళా ఉద్యోగి మీద కత్తితో దాడి జరిగినప్పుడు దేశమంతా గార్డుల గురించి మాట్లాడింది. తర్వాత? గార్డు స్థానంలో కెమెరా వచ్చింది. కెమెరా దొంగను చూస్తుంది, నిజమే. దొంగ చేయి పట్టుకోదు కదా! 'బాపూ, వానికి కార్డు ఇయ్యకు' అని చెప్పదు.

మేం అడిగేది పెద్ద కోరికేం కాదు. పింఛన్లు, జీతాలు పడే వారం రోజులు, వరుస సెలవుల రోజులు ఏటీఎం దగ్గర ఒక మనిషిని పెట్టండి. మెసేజీ తెలుగులో పంపండి, రూపాయలు పోయిన సంగతి పోయిన మనిషికి తెలిసేటట్టు. కార్డు మీద పేరు తెలుగులో అచ్చు వేయండి. నిర్లక్ష్యం అనే ముందు ఆ కెమెరాలో పట్టిన బొమ్మ ఖాతాదారుడికి చూపించి, ఇదిగో నీ తప్పు ఇదీ అని రాసివ్వండి. ఉద్యోగ సంఘాలు, పెన్షనర్ల సంఘాలు డీఏ గురించి ఎంత గట్టిగా అడుగుతాయో దీని గురించీ అంత గట్టిగా అడగాలి. వచ్చిన డీఏ ఒక్క రాత్రిలో పోతున్నప్పుడు ఇది వేరే సమస్య ఎట్లయితది?

మన చేతుల్లో ఉన్నదీ కొంత ఉంది. కార్డు వెనక తెల్లపట్టీ మీద తెలుగులో సంతకం చెయ్యండి, రంగు బొట్టు పెట్టండి, దూరం నుంచి మనదని తెలవాలె. కార్డు అంకెల్లో చివరి నాలుగు పాస్‌బుక్కులో రాసిపెట్టుకోండి, పిన్ మాత్రం ఎక్కడా రాయొద్దు. సొమ్ము పోయిందని తెలిసిన నిమిషమే బ్యాంకుకు, 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఏటీఎం కెమెరా ఫుటేజీ దాచిపెట్టమని కాయితం రాసిచ్చి ముద్ర వేయించుకోండి, అది ఎల్లకాలం ఉండదు. మా పరిధి కాదని ఠాణాలో అంటే తగ్గొద్దు. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనైనా ఫిర్యాదు తీసుకోవాలి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. మేం రాశాం. విచారణలో ఉంది.

చదువుకునే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒక మాట. ఏటీఎంలో పెద్దాయన సాయమడిగితే మొకం చాటేయకండి. కార్డు మాత్రం ముట్టుకోకండి. ఏ బటన్ నొక్కాలో నోటితో చెప్పండి, పిన్ కొట్టేటప్పుడు వీపు తిప్పుకొని తలుపుకు అడ్డంగా నిలబడండి, రెండోవాణ్ని లోపలికి రానీయకండి.

ఎందుకు చెప్తున్నానంటే, పైసల కన్నా పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది. మొన్న మందుల షాపు కాడ ఒక పిల్లగాడు చిన్నబాపు సంచి పట్టుకోబోయాడు, మా వాడకట్టు పిల్లగాడే. ఈయన సంచి గుంజుకున్నాడు. ఇంటికొచ్చి పొద్దుగూకే దాకా మాట్లాడలేదు. "పైసలదేముంది బిడ్డా" అన్నాడు తర్వాత నాతో, "ముప్పై ఏండ్లు నా బస్సుల నిలబడ్డ కాలేజీ పొల్లగాళ్లే నా సంచీ అందుకున్నరు, నా టికెట్ల పెట్టె మోసిండ్రు. ఇప్పుడు మెడల ఐడీ కార్డు చూస్తె నాకు బుగులైతాంది."

ఇప్పుడాయన ఏటీఎంకు పోవట్లేదు. నెలకోసారి పాస్‌బుక్కు చేత పట్టుకొని బ్యాంకుకు పోతాడు, విత్‌డ్రాయల్ ఫారం నింపి వరుసలో నిలబడతాడు. పోయిన నెల కౌంటరులోని పిల్ల, చిన్న మొత్తమే కదా, బయట మిషన్లో తీసుకోమంది. "నువ్వు నాతోని మిషన్ కాడికి వస్తవా బిడ్డా?" అని అడిగాడట. ఆమె కాసేపు ఆలోచించి, ఫారం తీసుకుంది.