పేరు మనది, పట్టా ఎవరిది?

నేడు వర్తకుడు దుకాణము తెరచుటకు ముందు, పాఠశాల విద్యార్థులను చేర్చుకొనుటకు ముందు, గ్రంథాలయము తన పుస్తకముల పట్టికను ప్రకటించుటకు ముందు ఇంటర్నెట్టులో నొక చిరునామాను సంపాదించుకొనవలసి వచ్చుచున్నది. ఈ చిరునామాకే డొమైను పేరని వ్యవహారము. దీనిని రిజిస్టరు చేయించుట అతి సులభముగ కన్పట్టును. ఆ సులభత్వమే మనవారిని మోసపుచ్చుచున్నది. సొమ్ము చెల్లించినంత మాత్రమున పేరు తమ సొత్తైనదని పలువురు భ్రమించుచున్నారు. కాని యిది పట్టా కాదు, కౌలు మాత్రమే.

ఈ కౌలునకు గడువు కలదు. డాట్ కామ్ పేరును ఒక్క పర్యాయమున పది సంవత్సరములకు మించి ఎవరును తీసికొనజాలరు. గడువు దాటిన పిమ్మట పేర్లనమ్ము కంపెనీ, అనగా రిజిస్ట్రారు, హెచ్చుగ 45 దినములు ఓర్చుకొనవచ్చును. అటుపై అదనపు రుసుముతో విడిపించుకొనుటకు 30 దినములు గలవు. అవియు గడచెనా, మరి అయిదు దినములకు ఆ పేరు మరల అంగడికెక్కును. ముందుగ చేయి చాచినవానిది యగును. ఇట్టి ప్రమాదము తెలియనివారికే కలుగునని యెంచరాదు. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్టు కంపెనీయే తన పాస్‌పోర్ట్ డాట్ కామ్ పేరునకు రుసుము చెల్లింప మరచెను. హాట్‌మెయిలు వాడువారనేకులు తమ ఉత్తరములను తెరువజాలకపోయిరి. కంపెనీ ఉద్యోగి కాని యొక ప్రోగ్రామరు తన చేతి సొమ్ము 35 డాలర్లు చెల్లించి యా కొరత తీర్చెను. మంచివాడు దొరకెను గనుక సరిపోయెను. అందరకును అట్టివాడే దొరకునా?

మన పట్టణములలో నింతకంటె సామాన్యమైన యాపద మరియొకటి కలదు. వెబ్‌సైటు నిర్మించి యిచ్చువాడు సంస్థ తరపున పేరును కొనును. కాని రిజిస్ట్రారు లెక్కలలో తన పేరే వ్రాయించుకొనును, తన ఈమెయిలే యిచ్చును. సంస్థవారు సొమ్ము చెల్లించి నిశ్చింతగ నుందురు. కొన్ని యేండ్లకు మాటా మాటా వచ్చినప్పుడు గాని, ఆతడు వృత్తి మాని యెచటికో పోయినప్పుడు గాని అసలు సంగతి బయటపడును. సొమ్ము వీరిది, పేరు వానిది. భూమి కొనునప్పుడు దస్తావేజులో తన పేరున్నదో లేదో చూచుకొనని రైతు కలడా? ఆ జాగ్రత్త యిక్కడ నేల లోపింపవలయును?

న్యాయస్థానములు మనకు తోడ్పడకపోలేదు. సత్యం ఇన్ఫోవే సంస్థ తెచ్చిన వ్యాజ్యములో 2004లో సుప్రీంకోర్టు, వ్యాపార చిహ్నమునకు గల రక్షణ వంటిదే డొమైను పేరునకును చెల్లునని తీర్పు చెప్పినది. డాట్ ఇన్ పేర్ల తగవులకు మన దేశముననే మధ్యవర్తిత్వపు ఏర్పాటు కలదు. కాని డాట్ కామ్ పేరును పరులు కాజేసినచో, జెనీవాలోని ప్రపంచ మేధాసంపత్తి సంస్థ యెదుట ఒక్క మధ్యవర్తితో విచారణ కోరుటకే 1500 డాలర్లు చెల్లింపవలయును. పైగా ఎదుటివాడు దురుద్దేశముతోనే రిజిస్టరు చేసినాడనియు, దురుద్దేశముతోనే వాడుచున్నాడనియు రెండును ఋజువు చేయవలయును. చిన్న వర్తకుని కిది సాధ్యమా? న్యాయము కలదు, దాని గడప యెత్తైనది.

ఇంతవరకు చెప్పినది రోమను లిపిలోని పేర్ల గాథ. తెలుగు లిపిలోని పేర్ల గతి యేమి? తెలుగులో 'డాట్ భారత్' 2011లోనే అంతర్జాతీయ మూలపట్టిక కెక్కినది. అయినను వాడుక యెచట? ఈ యంత్రాంగము మన యక్షరములను నేరుగ గ్రహింపదు. రోమను సంకేతములుగ మార్చుకొనును. 2003 నాటి నియమములలో, పొల్లు తరువాతి హల్లు ఒత్తుగ మారకుండ నాపు అదృశ్య చిహ్నమును తొలగించివేయుచుండిరి. 'రాజ్‌కుమార్' అని వ్రాయువానికి 'రాజ్కుమార్' అని దక్కుచుండెను. 2010 నాటి సవరణలో గాని దానికి చోటు దొరకలేదు. మన లిపి మర్మము మనము చెప్పనిదే పరులకెట్లు తెలియును? నేటికిని తెలుగు చిరునామాతో కూడిన ఈమెయిలును తప్పని త్రోసిపుచ్చు దరఖాస్తు పత్రము లనేకము. పేరునిచ్చి వాడుక నీయకుండుట దానమని చెప్పదగునా?

కావున మేము కోరునవి రెండు. ప్రతి సంస్థయు నేడే తన డొమైను ఎవరి పేర, ఎవరి ఈమెయిలుతో, ఏ తేదీ వరకు నున్నదో విచారించి తన పేరిటికి మార్పించుకొనవలయును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు తమ కార్యాలయముల దరఖాస్తులలో తెలుగు చిరునామాలను స్వీకరించునట్లు చేసి, తామును తెలుగు చిరునామాలను వాడి చూపవలయును. మొదటిది ప్రజల పని. రెండవది పాలకుల పని. ఈ రెంటిలో ఏదియు ధనముచే ఆగియుండలేదు, అశ్రద్ధచే ఆగియున్నది.